రెక్కలున్నవి, లేనివి

చేతులకు బూడిద రాసుకుని మూడోసారి కడుక్కున్నాడు ఇసాక్. తడి వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. రాత్రి తరిగిన ఉల్లిపాయ వాసన చూపుడువేలి గోరు కింద ఇంకా పట్టుకుని ఉంది. పొయ్యిలోంచి మరి కాస్త బూడిద తీసి నాలుగోసారి రుద్దాడు.

పదిహేనేళ్ళుగా అతను సబ్బు ముట్టలేదు. బీడీ మానేశాడు. పండగనాడు నమాజు ముగిశాక అందరూ ఒకరి చేతికొకరు అత్తరు పూసుకుంటుంటే, ఇసాక్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడేవాడు. "ఆడి చేతులు సర్కారోళ్ళవిరా, ముట్టుకోకండి" అని నవ్వేవారు వీధిలో వాళ్ళు. అనకాపల్లి చెరకు ఫారంలో పురుగుల గది అతని చేతికింద ఉంది. అక్కడ అతను పెంచే జీవాలు ఆవగింజలో పదో వంతు కూడా ఉండవు. సబ్బు వాసన తగిలినా, పొగ తగిలినా ఉన్న చోటే వెల్లకిలా పడిపోతాయి.

జోహరాబీ గుమ్మం పక్కన వెలుగు పడే చోట గోడకు చేరగిలబడి కూర్చుంది. ఒళ్ళో చేట, చేటలో జొన్న నూక. ఆవిడ పాదాలు నీరు పట్టి, చర్మం సాగి మెరుస్తున్నాయి. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు అలాగే ఉంటోంది. మొహం మాత్రం చిక్కిపోయి, చెంపల మీద ఎముకలు పైకి లేచాయి. చేటలోని నూక అక్కడక్కడ ఉండలు కట్టి ఉంది. నూకలో పుట్టే పురుగు సన్నటి పట్టుపోగులతో గింజల్ని ఒకదానికొకటి అంటించుకుని లోపల గూడు చేసుకుంటుంది. ఆవిడ ఒక్కో ఉండా విప్పి, పోగులు తీసేసి, నూక ఒక పక్కకూ, తెల్లటి పురుగు ఒక పక్కకూ చేరుస్తోంది.

ఆ నూక ఎక్కడిదో రెండు నెలలుగా ఆవిడ అడగలేదు. అతను చెప్పలేదు.

"ఇది రెక్కలొచ్చే జాతేనా?" అంది చేటలోంచి తల ఎత్తకుండానే.

"ఏది?"

"ఇదే, తెల్లది."

"నాలుగు రెక్కలు. బూడిదరంగు. ఎన్నిసార్లు సెప్పేను నీకు."

"మర్సిపోనాను. ఎన్నాళ్ళకొత్తాయి?"

"నెలా పది రోజులు. ఎందుకూ?"

"ఊరికినే. నోరు ఊరుకోదు కదా."

ఇసాక్ పురుగుల గది పనిలో చేరాకే వాళ్ళిద్దరికీ మాటలు దొరికాయి. సాయంత్రం ఇంటికి రాగానే ఆవిడ అతని చొక్కా విప్పించి, దులిపి, అంటుకున్న పొడిని వేలిమీదకు తీసి చూసేది. "ఇదేటి?" "రెక్కల మీద పొలుసు." అలా మొదలైంది. అసలు రెక్కలే లేనివి కొన్ని ఉంటాయి: పేను, నల్లి, పాత కాగితాల్లో పాకే వెండిరంగు పురుగు. ఈగకూ దోమకూ రెండే. తూనీగకూ, తేనెటీగకూ, సీతాకోకచిలుకకూ నాలుగు. పెంకుపురుగుకూ నాలుగే గాని, పై రెండూ డిప్పల్లా గట్టిపడి కింది రెంటికీ తలుపులవుతాయి. చీమకూ చెదపురుగుకూ పెళ్ళిరోజున మాత్రం వస్తాయి. తొలి వానకు దీపం చుట్టూ తిరిగే ఉసిళ్ళు అవే, పని కాగానే తెంపుకుని పారేస్తాయి. జోహరాబీ అన్నీ గుర్తుపెట్టుకునేది. దోమ కుడితే, "రెండు రెక్కలకే ఇంత పొగరా నీకు" అని చరిచేది. చెరకు కణుపుకు అంటుకుని ఉండే పిండిపురుగులో మగదానికే రెక్కలనీ, ఆడది అంటుకున్న చోటే ఉండిపోతుందనీ చెప్పిన రోజున ఆవిడ పొయ్యి ఊదడం ఆపి, "అక్కడా అంతేనా!" అంది. ఆ మాట తలుచుకుని వాళ్ళు ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు.

ఇసాక్ తలపాగా చుట్టుకున్నాడు. మెడలో తాడుకు కట్టిన భూతద్దం చొక్కా లోపలికి వేసుకున్నాడు. గూట్లో బిస్కెట్ల రేకు డబ్బా, మూతికి గుడ్డ కట్టి ఉంది. ఏ ఊరగాయో పెట్టుకుందనుకున్నాడు.

"జావ తాగు. నిన్నలా ఒగ్గీకు" అన్నాడు.

"తాగుతాను. సందేళకి బేగి రా. ఒకటి సూపిత్తాను."

"ఏటది?"

"వత్తే సూద్దువు గాని."

"ఈ వేళ పెద్దాఫీసరు వత్తన్నాడు జోహరా. ఎప్పుడొదుల్తారో."

"వత్తే రానీ. ఆయనకేటి, రెక్కలున్నాయా? రైల్లోనేగా పోతాడు. నువ్వు బేగి రా."

బెల్లం బజారు దారినే నడిచాడు ఇసాక్. అప్పటికే బళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఎడ్ల మెడల మీదా, దిమ్మల మీదా తేనెటీగలు ముసురుతున్నాయి. ఊరంతా తియ్యటి వాసనే, తినడానికి మాత్రం ఎవరి ఇంట్లోనూ గింజ లేదు. బర్మాలోని రంగం నుంచి బియ్యం రావడం ఆగి ఏడాది దాటింది. యుద్ధం ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేకుండా ఉన్నారు. కంట్రోలు షాపు ముందు ఆడవాళ్ళు తెల్లవారకముందే సంచులు వరసలో పెట్టి, వాటి పక్కన కూర్చున్నారు.

రెండు నెలల కిందట మునిసిపల్ ఆస్పత్రి డాక్టరు జోహరాబీ కంటిరెప్ప కిందికి లాగి చూసి, "రక్తం లేదు. మందు కాదయ్యా కావలసింది, తిండి. రెండు పూటలా కడుపులో ఏదో ఒకటి పడకపోతే గుండె ఆగుతుంది" అన్నాడు. అన్నవాడి గొంతులోనూ, అది ఎక్కడ దొరుకుతుందో తనకూ తెలియదన్నట్టు ఉంది.

ఆ మర్నాడే ఇసాక్ తొట్టిలో చెయ్యి పెట్టాడు.

నూక బస్తా తాళం అసిస్టెంటు జోగారావు దగ్గర ఉంటుంది. బస్తాలోంచి తూచి ఇస్తాడు. తొట్లలో పోశాక మాత్రం ఎవరూ తూచరు. ఇసాక్ మొదటి రోజున ఒక పిడికెడు తీశాడు. తర్వాత తొట్టికో పిడికెడు.

ఇప్పుడు మద్రాసు నుంచి పెద్దాఫీసరు వస్తున్నాడు. మనుషులకే గింజ లేనప్పుడు పురుగులకు నూక పోయడమేమిటని పైన ఎవరో అడిగారట. పనికొచ్చే గదయితే ఉంచుతారు, లేకపోతే మూస్తారు. ఉంచితే నూక ఉంటుంది. మూస్తే జోహరాబీ చేటలో ఇంకేమీ ఉండదు. ఇసాక్‌కు ఆ రోజు లెక్కంతా అదే.

పురుగుల గది ఫారానికి తూర్పు కొసన, పెంకుల కప్పు కింద ఉంటుంది. కిటికీకి నల్లగుడ్డ. గోడ పొడవునా చెక్క తొట్లు, వాటి మీద గుడ్డ మూతలు. మధ్య బల్ల మీద గాజు జాడీలు. ఇసాక్ లోపలికి రాగానే అలవాటుగా ఊపిరి సన్నం చేసుకున్నాడు. అతని తండ్రి దూదేకేవాడు. విల్లు భుజాన వేసుకుని తుమ్మపాల నుంచి చోడవరం దాకా ఇల్లిల్లూ తిరిగి పరుపుల్లోకి దూది ఏకేవాడు. మొదట ఈ ఫారానికి వచ్చిన దొర ఒకసారి పరుపుకోసం వాళ్ళ ఇంటికి వచ్చి, గాలిలో లేచిన దూదిపింజ కదలకుండా ఇసాక్ దాని పక్కనుంచి నడిచి వెళ్ళడం చూశాడు. ఊపిరి ఎక్కడ వదలకూడదో తెలిసినవాడు కావాలని తీసుకొచ్చాడు. దొర వెళ్ళిపోతూ భూతద్దమూ, ఖాళీ బిస్కెట్ల డబ్బా ఇచ్చిపోయాడు. ఇసాక్ రోజుకూలీగానే ఉండిపోయాడు.

చెరకు మొవ్వు తొలిచే పురుగు ఆకు కింద గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డులోకి తన గుడ్డు చొప్పించే జీవం ఒకటుంది. దానికి ఇంగ్లీషులో బారెడు పేరు. ఇసాక్ దాన్ని నలుసు అంటాడు. నలుసు దూరిన గుడ్డులోంచి ఇక చెరకును తినే పురుగు రాదు, మరో నలుసే వస్తుంది. గదిలో నలుసుల్ని పెంచడానికి నూకపురుగు గుడ్లు కావాలి. గుడ్ల కోసం రెక్కలొచ్చిన నూకపురుగులు కావాలి. వాటికి నూక కావాలి. తుమ్మజిగురు పూసిన అట్టల మీద గుడ్లు చల్లి, జాడీలో నలుసులతో పెడితే, నాలుగో రోజుకు గుడ్లు నల్లబడతాయి. ఎనిమిదో రోజు పొద్దున్న నలుసులు బయటికొస్తాయి. "నలుసులు లేచేయా?" అని ఆ రోజుల్లో జోహరాబీ అడిగేది. ఆవిడ కడుపున ఒకే ఒక్క నలుసు పడింది. ఏడో నెలలో పోయింది. మళ్ళీ పడలేదు.

ఈ వేళ ఎనిమిదో రోజు.

జాడీకి ఒక పక్క నల్లగుడ్డ తొలగించాడు. రెక్కలున్నవి వెలుగు కనబడగానే లేచి గాజుకు కొట్టుకుంటాయి. పొగ లేచినట్టుంటుంది. ఇసాక్ చూస్తూ నిలబడ్డాడు. పొగ లేవలేదు. అట్ట మీద నల్లటి రవ్వలు కదిలాయి. వెలుగు వైపే కదిలాయి, నడుచుకుంటూ.

భూతద్దం పెట్టాడు. పదింటిలో ఏడింటికి రెక్కలు లేవు. కొన్నింటికి వీపు మీద ముడుచుకుపోయిన పోగులాంటిదేదో ఉంది. అవి అట్ట అంచు దాకా వచ్చి, మీసాలు ఆడించి, ఆగిపోతున్నాయి.

ఎందుకో అతనికి తెలుసు. నూక తగ్గితే పురుగు చిక్కుతుంది, గుడ్లు తక్కువ పెడుతుంది. గుడ్లు తగ్గినప్పుడు అట్టలూ తగ్గించాలి, జాడీలో వదిలే నలుసుల్నీ తగ్గించాలి. అట్టలు తగ్గితే రిజిస్టరులో కనబడుతుంది. అందుకని అతను అట్టలు అన్నే ఉంచి, ఉన్న గుడ్లనే పల్చగా చల్లాడు. నలుసుల్ని ఎప్పటిలాగే వదిలాడు. గుడ్లు చాలక ఒక్కో గుడ్డులో మూడేసి దూరాయి. ఒకరి తిండి ముగ్గురు పంచుకుంటే ప్రాణం మిగులుతుంది గాని రెక్కల దాకా రాదు.

"ఏటి మావా, నీ పెళ్ళివారు లేచేరా?"

గుమ్మంలో పరదేశి. అట్టల బుట్ట పొలంలోకి మోసుకెళ్ళి చెరకు ఆకులకు కట్టే కూలీ. నలభై ఏళ్ళవాడు, నల్లగా, పొడుగ్గా ఉంటాడు. ఇసాక్‌ను మామ అని పిలవడం, రోజూ ఒక మాట అనిగాని పని మొదలెట్టకపోవడం అతని అలవాటు.

"మా ఇంటికాడ గంజికి పిల్లలు కాట్లాడుకుంటన్నారు. ఇక్కడ పురుగులకి గాదె తెరిసి పెట్టేరు. వచ్చే జన్మలో నీ తొట్టిలో పుడతాను మావా. కాని మీ సాయిబులకి వచ్చే జన్మ నేదంట గదా, నన్నెవడు మేపుతాడో మరి!"

ఇసాక్ రోజూ దీనికి నవ్వేవాడు. పరదేశి నవ్వు కోసం కాసేపు ఆగి, దగ్గరికొచ్చి జాడీలోకి వంగాడు.

"ఇదేటి, నడుత్తన్నాయి?"

"నడుత్తన్నాయి."

"ఎగరవా?"

"ఎగరవు."

పరదేశి తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

జోగారావు వచ్చేసరికి ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. పాతికేళ్ళ మనిషి. కళ్ళజోడు, ఇస్త్రీ మడత చెదరని ఖద్దరు చొక్కా. భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"ఏమైంది సాయిబూ? పది రోజుల కిందట బాగానే ఉన్నాయి కదా?"

ఇసాక్ జాడీ మీద నల్లగుడ్డ మళ్ళీ కప్పాడు. జోగారావు లేచి తొట్ల దగ్గరికి వెళ్ళి ఒక మూత ఎత్తాడు. తొట్టి లోపలి చెక్క మీద నూక ఎంత దాకా ఉండాలో పెన్సిలు గీత ఉంటుంది. నూక ఆ గీతకు మూడు వేళ్ళు కిందికుంది. రెండో తొట్టి చూశాడు. మూడోది చూశాడు. నాలుగోది చూడలేదు. జేబురుమాలు తడిచేసి, మొదటి తొట్టి నుంచి వరసగా పెన్సిలు గీతలన్నీ తుడిచేశాడు.

పదిన్నరకు పెద్దాఫీసరు వచ్చాడు. పొట్టిమనిషి. నెత్తిన టోపీ, చేతిలో కర్ర. ఇంగ్లీషు, అరవం తప్ప మాట్లాడడు. మంచివాడిలాగే ఉన్నాడు. గదిలోకి రాబోతూ చుట్ట పారేసి, నీళ్ళడిగి చేతులు కడుక్కున్నాడు. ఇసాక్ మనసులో ఆ మాత్రానికే కృతజ్ఞత కలిగింది. ఆయన జాడీ ముందు కూర్చుని తన అద్దంతో చూశాడు. ఒక అట్ట, రెండు అట్టలు, ఆరు అట్టలు చూశాడు. ఏదో అన్నాడు. అందులో 'వింగ్' అన్న మాట ఇసాక్‌కు తెలుసు. పాత దొర నేర్పిన మొదటి మాట అదే.

ఎందువల్ల అని ఆయన అడిగినట్టున్నాడు. జోగారావు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవసాగాడు.

ఇసాక్ తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"బాబూ, దొరగారితో సెప్పండి. నూక నానే తీసేను. రెండు నెల్లనుంచీ. మా ఇంటిదానికి రక్తం నేదు. పిడికెడు పిడికెడే తీసేను గాని, తీసేను. అట్టలు తగ్గించకుండా దాసేను. పురుగుల తప్పు గాదు. గది మంచిదే. నన్ను తీసీమనండి, గదిని తియ్యొద్దనండి. ఇంకోణ్ణి పెడితే బాగా సేత్తాడు."

అంత పొడుగు మాట అతను ఆ గదిలో ఎప్పుడూ మాట్లాడలేదు. చివరికి వచ్చేసరికి ఊపిరి చాల్లేదు. ఆఫీసరు జోగారావు వైపు తిరిగాడు. జోగారావు కళ్ళజోడు పెట్టుకుని ఇంగ్లీషులో చెప్పాడు. తొట్ల వైపు చెయ్యి చూపించాడు. ఇసాక్ వింటున్నాడు. నూకకు వాళ్ళనే ఇంగ్లీషు మాట వచ్చింది. బ్యాడ్ అన్నాడు. వార్ అన్నాడు. దొంగ అన్న మాట ఇంగ్లీషులో ఎలా ఉంటుందో కూడా ఇసాక్‌కు తెలుసు. అది రాలేదు.

ఆఫీసరు తల పంకించాడు. ఇసాక్ వంక చూసి, పాపం అన్నట్టు పెదవి విరిచాడు. కాగితం తీసి రాశాడు. మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోయాడు.

జోగారావు స్టేషను నుంచి తిరిగొచ్చి గది ముందు మెట్టు మీద కూర్చున్నాడు.

"యుద్ధంలో మంచి నూక దొరకడం లేదని చెప్పేను. దొరకనప్పుడు గది నడపడం దండగన్నాడాయన. ఈ వేళ నుంచీ మూసీమన్నాడు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నిజం చెప్పినా మూసేవారే సాయిబూ. నిన్ను పోలీసులకి కూడా ఇచ్చేవారు. నా చేతిలో ఉన్నది అంతే" అన్నాడు.

"తెలుసు బాబూ."

"తొట్లు ఎండలో బోర్లించి, పురుగు చచ్చేక నూక పారబొయ్యమన్నారు. సాయంత్రం నేను ఊళ్ళోకెళ్తున్నాను. పారబోసింది ఎవరెత్తుకెళ్ళేరో నాకు తెలీదు."

చైత్రమాసపు ఎండ. ఇసాక్, పరదేశి కలిసి తొట్లు ఒక్కొక్కటే తెచ్చి గచ్చు మీద బోర్లించారు. వేడికి తెల్లపురుగులు గూళ్ళలోంచి బయటపడ్డాయి. నీడ ఎటుందో వాటికి తెలుసు. అన్నీ గోడ వైపు పాకడం మొదలెట్టాయి. గోడ బారెడు దూరంలో ఉంది. సగం దూరంలోనే ఒక్కొక్కటే ఆగిపోయాయి. అప్పటికే రెక్కలొచ్చినవి కొన్ని లేచి, మామిడిచెట్టు కొమ్మల్లోకి వెళ్ళాయి. ఇసాక్ తల ఎత్తి వాటినే చూశాడు.

నూక చల్లారాక రెండు పాళ్ళు చేశాడు. ఒక పాలు తన తుండుగుడ్డలో కట్టుకుని, రెండోది పరదేశి ముందుకు తోశాడు. పరదేశి ఎగతాళి మాట ఒకటి వెతుక్కున్నట్టు కనిపించాడు. దొరకలేదు. "ఎల్లొత్తాను మావా" అని తలగుడ్డలో మూటకట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

రెండున్నర దాటింది. బయలుదేరితే చీకటికి చాలా ముందే ఇంటికి చేరతాడు. బేగి రమ్మంది.

బల్ల మీద ఇరవైనాలుగు అట్టలు మిగిలి ఉన్నాయి. వాటినీ పారేయమనే చెప్పారు. ఇసాక్ గది తలుపు దగ్గరకు వేస్తూ ఆగాడు. అట్టల మీద నలుసులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వాటికి తిండి అక్కర్లేదు. గుడ్డు ఒకటి దొరికితే చాలు. రెండు మూడు రోజులే బతుకుతాయి.

అట్టలు బుట్టలో పెట్టుకుని పొలంలోకి దిగాడు.

మామూలుగా అయితే పది అడుగులకో అట్ట, కంటికెదురైన ఆకుకు కట్టేస్తారు. గుడ్లు ఎక్కడున్నా నలుసులే ఎగిరిపోయి వెతుక్కుంటాయి. ఈ వేళ అలా కుదరదు. మోకాటి ఎత్తు చెరకు. ఇసాక్ సాలు మధ్య గొంతుక్కూర్చుని, ఒక్కో ఆకూ తిప్పి చూశాడు. మొవ్వుపురుగు గుడ్లు చేపపొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వరసగా అంటుకుని ఉంటాయి. కనబడిన చోట అట్ట ఆ ఆకుకే, గుడ్లకు అంగుళం దూరంలో, రెక్కలు లేనివి నడిచి చేరేంత దగ్గరగా కట్టాడు. కట్టాక భూతద్దం పెట్టి చూశాడు. ఒక నలుసు అట్ట అంచు దాటి ఆకు ఈనె మీదికి దిగింది. మీసాలతో తడుముకుంటూ నడిచింది. గుడ్డు ఎక్కింది. ఆగింది.

"అద్గదీ" అన్నాడు ఇసాక్.

తర్వాతి అట్ట దగ్గర కూడా చూడకుండా ఉండలేకపోయాడు. ఆకు అంచులు ముంజేతుల మీద సన్నటి గీతలు గీశాయి. నడుం పట్టేసింది. కొన్ని సాళ్ళలో ఎంతసేపు వెతికినా గుడ్లు లేవు. గుడ్లు లేకపోవడం చెరకుకు మంచిదే, కాని ఈ వేళ అతనికి కావాలి. ఆఖరి అట్ట కట్టి లేచి నిలబడేసరికి ఎండ పచ్చబడిపోయింది. శారదా నది వైపు కొంగలు బారుగా పోతున్నాయి. బేగి రమ్మన్న మాట అప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది.

గబగబా నడిచాడు. తుండుగుడ్డ మూట చంకలో ఉంది. ఇంట్లోకి దొంగతనంగా కాకుండా తెస్తున్న నూక ఇదే మొదటిసారి. ఇది ఎన్నాళ్ళొస్తుంది, ఆ తర్వాత ఏమిటి అన్నది ఆలోచించకుండా, ముందు ఈ మాట జోహరాబీకి ఎలా చెప్పాలా అని ఆలోచించాడు. రెండు నెలలుగా చెప్పనిది కూడా ఈ వేళ చెప్పేయవచ్చు. ఆవిడ నవ్వుతుంది. "నాకు తెల్దేటి" అంటుంది.

వీధి మలుపులో ఉండగా పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు పిలుపు వినబడింది. ఇంటి ముందు నలుగురైదుగురు ఆడవాళ్ళు కొంగులు తల మీదికి లాక్కుని నిలబడి ఉన్నారు. అతన్ని చూసి దారిచ్చారు. ఎవరూ ఏడవడం లేదు. పక్కింటి మదీనాబీ ఎదురొచ్చి అతని చంకలో మూట అందుకుంది.

జోహరాబీ చాప మీద పడమటికి తిరిగి పడుకుని ఉంది. గడ్డానికి గుడ్డ కట్టారు. పాదాల వాపు ఇప్పుడు తెలియడం లేదు, దుప్పటి కప్పారు. చేట గోడకు ఆనించి ఉంది. అందులో ఒక్క ఉండ కూడా లేదు, నూకంతా శుభ్రంగా చేసి ఉంది.

"మద్దేన్నం రెండు గుటకలు జావ తాగింది" అంది మదీనాబీ నెమ్మదిగా. "పొద్దు వాలేక అసరు నమాజు పిలుపు విని నీళ్ళడిగింది. ఆయనొచ్చేడా బూబూ అంది. రాలేదన్నాను. ఆటిని ఒగ్గి రాడులే అని నవ్వింది. సెంబు లోన పెట్టి వచ్చేసరికి ఇంకేటుంది."

ఇసాక్ గోడ పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి మదీనాబీ గూట్లోంచి బిస్కెట్ల డబ్బా తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

"ఇది నీకు సూపించమంది. సేటలో ఏరిన పురుగులు కొన్ని ఇందులో దాసి, రోజూ తన నూకలో సిటికెడు ఆటికేసీది. నీకే సాలదు, నీకేటి పిచ్చా అని నానంటే, 'ఇది ఆటి నూకే గదా, ఆటి తిండి తినీసి ఆటిని బయట పారెయ్యమంటావా? ఆటి వాటా ఆటికి' అనీది. రెక్కలొచ్చేక నీ గదిలో ఒగ్గీమని ఇస్తానంది."

గుసుల్‌కు, ఆవిడ ఆఖరి స్నానానికి, నీళ్ళు కాగుతున్నాయి, మగవాళ్ళు బయటికెళ్ళాలన్నారు. ఇసాక్ డబ్బా పట్టుకుని అరుగు మీదికి వచ్చాడు. ఆకాశంలో ఇంకా కొంచెం వెలుగుంది. మూతికి కట్టిన గుడ్డ జోహరాబీ పాత వోణీ ముక్క. గాలి ఆడేట్టు, పురుగు దాటకుండా ఎలా కట్టాలో అతను ఎప్పుడో సరదాకి చూపించాడు. అచ్చంగా ఆ ముడే. చొక్కాలోంచి భూతద్దం తీసి గుడ్డ మీద పెట్టాడు. లోపల పదకొండు ఉన్నాయి. బూడిదరంగువి, పొడుగ్గా, బలంగా ఉన్నాయి. అన్నింటికీ నాలుగేసి రెక్కలు. ఒక్కటీ ముడుచుకోలేదు. తన గదిలో ఈ మధ్య అలాంటివి పుట్టలేదు. గుడ్డకు లోపలివైపు అప్పుడే పెట్టిన గుడ్లు, ముత్యపు నలకల్లా. వాటిని ఏ అట్ట మీద చల్లాలో, ఏ జాడీలో పెట్టాలో అతని చేతులకు తెలుసు. చేతులు చాలాసేపు అలాగే ఉండిపోయాయి.

"రాయ్యా, మొకం సూసుకుందువు గాని" అని లోపలినుంచి పిలిచారు.

డబ్బా కింద పెట్టి, చేతులు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని, ఇసాక్ లోపలికి వెళ్ళాడు.

అరుగు మీద డబ్బా ఉండిపోయింది. అడుగున పిడికెడు నూక ఇంకా ఉంది. లోపలినుంచి రెక్కలు తగిలినప్పుడల్లా మూతికి కట్టిన పాత వోణీ గుడ్డ సన్నగా కదులుతోంది.